వార్నిష్ ఆరేదాకా

జూన్ 4, మంగళవారం

ఈ రోజు కూడా అబద్ధం చెప్పాను. ఇంగ్లీషులో చెప్పాను కాబట్టి నోరేమీ నొప్పి పుట్టలేదు.

నా విజిటింగ్ కార్డు మీద ఎక్స్‌పోర్ట్ మేనేజర్ అని ఉంటుంది. అసలు ఉద్యోగం పెదనాన్నకి నోరుగా ఉండడం. ఈ పెయింట్ బ్రష్‌ల ఫ్యాక్టరీ ఆయన పెట్టిందే. మొదట ఒక రేకుల షెడ్డు, ఇప్పుడు రెండు. రెండో షెడ్డు మొత్తం ఒకే ఒక్క విదేశీ కంపెనీ కోసం నడుస్తుంది. ప్రతి మంగళవారం ఉదయం వాళ్ళతో వీడియో కాల్. మధ్య కుర్చీలో పెదనాన్న. కుడి పక్కన ఆయన కొడుకు, అంటే మా అన్నయ్య, ప్రొడక్షన్ వాడిదే. ఎడమ పక్కన, మైకుకి దగ్గరగా నేను. కాల్ కలపడం, మొదట్లో స్క్రీన్ మీదకి వచ్చే పెట్టెలన్నిటికీ ఓకే నొక్కడం, తర్వాత మాట్లాడడం, అన్నీ నేనే.

అవతల ఒకే ఒక్కావిడ, పెద్ద కళ్ళజోడుతో. ఆవిడ అడుగుతుంది. నేను తెలుగులో చెబుతాను. వీళ్ళిద్దరూ తెలుగులో మల్లగుల్లాలు పడతారు. ఆవిడ ఓపిగ్గా చూస్తూ ఉంటుంది. చివరికి పెదనాన్న "అలాగే అను" అంటాడు. నేను ఎస్ అంటాను. పది నిమిషాల చర్చకి ఒక ఎస్. ఆవిడకి ఎప్పుడూ అనుమానం రాలేదా అని నాకే అనుమానం.

పోయిన సీజన్‌లో సరిగ్గా ఆరని బ్రష్‌లు పంపాం. వాళ్ళ షాపుల్లో అట్టపెట్టెలు విప్పితే పిడి పిడికీ మా వాళ్ళ వేలిముద్రలు. ఫొటోలు తీసి పంపింది. పోలీస్ స్టేషన్ రికార్డులా ఉన్నాయి. ఇంకొక్కసారి ఇలా జరిగితే ఇంకో దేశం చూసుకుంటాం అని చాలా మర్యాదగా రాసింది. మూడేళ్ళ కాంట్రాక్టు ఇస్తారా లేదా అన్నది జూలై 9 కాల్‌లో తేలుతుంది. ఇవ్వకపోతే రెండో షెడ్డుకి తాళం. ఈ కంపెనీలో నేను చేరిందే ఆ కాంట్రాక్టు నా చేతుల మీదుగా రావాలని. లేకపోతే ఇంటి వ్యాపారంలో ఇంటి పిల్లకి ఒక కుర్చీ వేశారు, అంతే అవుతుంది.

జూన్ 5

వార్నిష్ షెడ్డుకి వెళ్ళొచ్చాను. జుట్టంతా ఆ వాసనే.

చెక్క పిడుల్ని వార్నిష్‌లో ముంచి, గబ్బిలాల్లా తలకిందులుగా వేలాడదీస్తారు. వేడిగాలి మెషిన్ నడుస్తుంటే తొందరగానే ఆరతాయి. అది పాడై వారమైంది, పార్టు రావాలి. బయట ముసురు. గోడలే చెమర్చి ఉన్నాయి, ఇక పిడులేం ఆరతాయి. మేస్త్రి ఒక పిడి తీసి బొటనవేలు ఆనించి చూశాడు. ముద్ర పడింది. ఆ పిడిని మళ్ళీ వరసలో చివరికి తగిలించాడు, నాకు కనపడలేదనుకుని.

ఆ విదేశీ కంపెనీ మాకో స్క్రీన్ ఇచ్చింది. చెక్క కోత, వార్నిష్, వెంట్రుక కట్టడం, ప్యాకింగ్, ఒక్కో పనికీ ఒక లైటు. పచ్చ, పసుపు, ఎరుపు. వాళ్ళు అక్కడ కూర్చుని మా షెడ్డు చూసుకుంటారన్నమాట. రోజూ నేను నింపాలి. వార్నిష్ అయిందా అని మేస్త్రిని అడిగాను. అయిపోయినట్టేనమ్మా అన్నాడు. అయిందా, లేదా అన్నాను. అయిపోయినట్టే అంటున్నాను కదమ్మా అన్నాడు, నాకు తెలుగు రానట్టు జాలిగా చూసి.

అన్నయ్య పచ్చ పెట్టెయ్యమన్నాడు. పోనీ పసుపు పెడతానన్నాను. పసుపు పెడితే ఎందుకని అడుగుతారు, ఎందుకని అడిగితే చెప్పాలి, చెబితే మళ్ళీ అడుగుతారు, ఎందుకొచ్చిన గొడవ అన్నాడు. మరి ఎరుపు ఎవరి కోసం పెట్టారు అన్నాను. అది వాళ్ళ దేశం వాళ్ళ కోసమట. మనం ఎరుపు పెడితే నాన్న మొహాన మసి పూసినట్టేనట.

సంస్కృతి, జ్ఞానం, టెక్నాలజీ అని మా కాలేజీలో లెక్చరర్ బోర్డు మీద మూడు గుండ్రాలు గీసేవాడు. మూడూ కలిసే చోట చుక్క పెట్టి, అంతర్జాతీయ వ్యాపారంలో గెలుపు ఇక్కడుంటుంది అనేవాడు. పదిహేను మార్కుల ప్రశ్న. బొమ్మతో సహా రాసి పదమూడు తెచ్చుకున్నాను. ఆ చుక్క మీద ఇప్పుడు మా అన్నయ్య కూర్చుని పల్లీలు తింటున్నాడు.

జూన్ 6

పచ్చ పెట్టాను.

జూన్ 11, మంగళవారం

సరుకు జూలై అయిదుకి ఓడ ఎక్కుతుందా అని ఆవిడ అడిగింది. తెలుగులో చెప్పాను. పెదనాన్న మోకాలు నిమురుకుంటూ, ఈ ముసురులో ఆరడం కల్ల, ఆ వేడిగాలి మెషిన్ పార్టు వస్తే వేరే సంగతి, అయినా ఆ మాట ఇప్పుడే ఎందుకు అన్నాడు. ఈ మోకాలి నొప్పికి రాత్రి నిద్ర లేదురా అని అన్నయ్యతో అన్నాడు. అన్నయ్యేమో, ఈ భూతద్దం అడిగిందే ఎన్నిసార్లు అడుగుతుంది, ఇంట్లో పొయ్యి మీద ఏమీ పెట్టలేదా అన్నాడు. నవ్వు మొహంతోనే అన్నాడు, కెమెరా వైపు చూస్తూ. వాడికదో సరదా. పెదనాన్న కూడా నవ్వాడు.

"అలాగే అను," అన్నాడు నాతో.

నో ప్రాబ్లమ్ అన్నాను. భూతద్దం తల ఊపింది. థాంక్యూ అంది.

పెదనాన్న చెడ్డవాడు కాదు. అది రాసుకోకపోతే నాకు తోచదు. అడిగినవాళ్ళకి లేదు అనడం ఆయనకి చేతకాదు, అంతే. లేదు అంటే తలుపు మొహాన వేసినట్టు అనుకుంటాడు. ఆయన దృష్టిలో అలాగే అన్న మాట అబద్ధం కాదు, మర్యాద. మర్యాదని ఓడ ఎక్కించలేం కదా పెదనాన్నా అని ఒక రోజు అనాలి. కాల్ అయ్యాక ఎప్పటిలాగే తన కాఫీలో సగం నా కప్పులో పోశాడు. చిన్నప్పటి నుంచీ అంతే. తాగాను.

జూన్ 18, మంగళవారం

ఆవిడ కళ్ళజోడు లేకుండా వచ్చింది.

ముందు గుర్తుపట్టలేదు. నవ్వుతూ గుడ్ మార్నింగ్ చెప్పి, పెద్దాయన మోకాలి నొప్పి ఎలా ఉంది అని అడిగింది. నేను తెలుగులో చెప్పడం మర్చిపోయి అలాగే కూర్చున్నాను. పెదనాన్నే నా మోచేతిని తట్టాడు. చెప్పాను. ఆయన మొహంలో రంగు మారింది. ఆ తర్వాత, వేడిగాలి మెషిన్ పార్టు వచ్చిందా అంది. మెషిన్ సంగతి మేం స్క్రీన్ మీద పెట్టలేదు. ఏ మెయిల్‌లోనూ రాయలేదు.

కాల్ కట్ కాగానే అన్నయ్య నా వైపు తిరిగాడు. "ఎప్పటి నుంచి మోస్తున్నావు వాళ్ళకి?" అన్నాడు. మోయడం ఏమిటన్నాను. ఇద్దరు ఆడవాళ్ళు ఇంగ్లీషులో వాట్సాప్‌లో ఏం మాట్లాడుకుంటారో మాకేం తెలుసన్నాడు. ఉద్యోగం కోసం దేవిరిస్తున్నావా, అక్కడేమైనా కుర్చీ ఖాళీగా ఉందా అన్నాడు. నేను ఫోన్ తీసి వాడి ముందు పడేశాను. చూసుకోలేదు. చూస్తే అనుమానం తీరిపోతుంది కదా, తీరడం వాడికి ఇష్టం లేదు.

 కాఫీ మొత్తం పెదనాన్నే తాగాడు.

అదే రోజు, మధ్యాహ్నం 3

తెలిసింది.

కాల్ మొదలవగానే వచ్చే పెట్టెలు. నేను ఓకే నొక్కేవి. ఇందాక ఒక్కదాన్నే కూర్చుని, ఒక టెస్ట్ కాల్ పెట్టుకుని, ఈసారి నొక్కకుండా చదివాను. ఈ సమావేశంలోని మాటలన్నీ అక్షరాలుగా మార్చి, అనువదించి, పాల్గొన్నవారికి చూపిస్తాం, మీకు సమ్మతమేనా అని ఉంది. భాషల పట్టికలో తెలుగు ఉంది. ఈ పెట్టెకి నేను ఈ సీజన్ మొదలైనప్పటి నుంచీ ఓకే నొక్కుతున్నాను.

అంటే మా తెలుగు మాటలు ఆవిడ స్క్రీన్ కింద వరసగా పరుగెడుతున్నాయి. ఆరడం కల్ల. ఆ మాట ఇప్పుడే ఎందుకు. మోకాలు. భూతద్దం. పొయ్యి మీద ఏమీ పెట్టలేదా. అన్నీ చదువుకుంటూ, చివర నేను నో ప్రాబ్లమ్ అంటే థాంక్యూ అందన్నమాట. వారం వారం.

వాళ్ళు మాకు చెప్పే చేశారు. మేమే ఓకే అన్నాం. చదవకుండా అలాగే అన్నది ఈసారి పెదనాన్న కాదు, నేను. ఎంబీఏ చదివిన నేను. పదిహేనుకి పదమూడు.

ముందు సిగ్గేసింది. తర్వాత ఒక్కదాన్నే గదిలో నవ్వుకున్నాను. ఆ తర్వాత భయమేసింది. ఎందుకంటే ఈ కంపెనీలో నిజం చెప్పుకునే చోటు అదొక్కటే, ఆ గదిలో, తెలుగులో, ఎవరికీ అర్థం కాదన్న ధైర్యంతో. నేను ఈ సంగతి చెప్పి నా మీద పడ్డ మచ్చ కడుక్కోవచ్చు. చెప్పిన మరుక్షణం అన్నయ్య మ్యూట్ నొక్కుతాడు. అప్పటి నుంచి ఆవిడకి పచ్చ లైట్లూ, నా నో ప్రాబ్లమూ తప్ప ఏమీ మిగలవు. సరుకు తడిగానే వెళ్తుంది. కాంట్రాక్టు పోతుంది. చెప్పకపోతే ఆవిడకి నిజం అందుతుంది, నేను ఇంటి దొంగని అవుతాను.

జూన్ 19

అమ్మకి కబురు అప్పుడే చేరిపోయింది. పెద్దమ్మ ఫోన్ చేసిందట. ఇంటిగుట్టు లంకకు చేటు అంది, అన్నం వడ్డిస్తూ. నేను చెప్పలేదమ్మా అన్నాను. నువ్వు చెప్పావని ఎవరన్నారే, ఊరికే సామెత చెప్పాను అంది. మా ఇంట్లో సామెతలు ఎప్పుడూ ఊరికే రావు.

జూన్ 21

ఎవరూ మాట్లాడడం లేదు. మేస్త్రి కూడా నమస్కారం పెట్టి పక్కకి తప్పుకున్నాడు.

జూన్ 25, మంగళవారం

చెప్పలేదు. అంతకంటే పాడు పని చేశాను.

కాల్‌లో ఆవిడ జూలై అయిదు సంగతి మళ్ళీ అడిగింది. నేను ఆ ప్రశ్నతో ఆగకుండా ఇంకో ముక్క కలిపాను. నిజంగా ఎప్పటికి ఆరతాయి పెదనాన్నా, నాకోసం చెప్పు అన్నాను. ఆయన నా మొహం చూశాడు. వారం తర్వాత మొదటిసారి. జూలై ఇరవయ్యో తారీకు దాకా ఆరవమ్మా అన్నాడు. పార్టు రెండు రోజుల్లో వస్తుంది, బిగించి నడిపినా అంత పడుతుంది, తొందరపడి పంపితే కంటైనర్ వేడికి ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి, పోయిన సీజన్‌లో వేలిముద్రలతోనే ఏమైందో చూశాం కదా అన్నాడు. ఎంత బాగా చెప్పాడో. ఇంతకంటే శుభ్రమైన రిపోర్టు ఏ కన్సల్టెంటూ ఇవ్వడు.

నేను ఆవిడ కళ్ళు చూస్తున్నాను. ఎడమ నుంచి కుడికి, ఎడమ నుంచి కుడికి.

"అయిదుకే పంపుతాం అను," అన్నాడు పెదనాన్న.

అన్నాను. సరే, చూసి చెబుతాను అందావిడ.

జూన్ 26

మెయిల్ వచ్చింది. వాళ్ళ గోడౌన్‌లో చోటు లేదట. మీకు ఇబ్బంది లేకపోతే సరుకు జూలై ఇరవై రెండుకి పంపగలరా, శ్రమ ఇస్తున్నందుకు క్షమించండి అని రాసింది.

అక్షరాలా మా పెదనాన్న మర్యాద. ఆవిడ మా దగ్గర నేర్చేసుకుంది. మొహమాటపు అబద్ధం, అది కూడా క్షమాపణతో సహా.

అన్నయ్య మెయిల్ ప్రింటు తీసి షెడ్డంతా తిరిగాడు. పచ్చ పెట్టమంటే వాదించావు, చూశావా దేవుడే చూసుకున్నాడు అన్నాడు నాతో. వాళ్ళకే తొందర లేదు, మధ్యలో నీకెందుకే అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అబద్ధాన్ని కాపాడింది నిజం. ఆ నిజాన్ని అందించింది నేను. పేరేమో దేవుడికి పోయింది.

జూన్ 28

మెషిన్ బాగయింది. గాలి వేడిగా వస్తోంది. అన్నయ్య దాని ముందు నిలబడి ఫొటో దిగాడు.

జూలై 1, ఉదయం 11

ఊహించాల్సింది. ఊహించలేదు.

వార్నిష్ షెడ్డులో మెషిన్ ఎదుట వేలాడుతున్నవి మా పిడులు కావు. పొట్టివి. ఎవరో లోకల్ హోల్‌సేల్ వాళ్ళ ఆర్డరు. మావన్నీ వెనక గోడవారకి, చెమ్మ పక్కకి తోసేశారు. ఎలాగూ టైముంది కదమ్మా, బాబుగారు ఇవి ముందు కానిమ్మన్నారు అని మేస్త్రి నేల చూస్తూ చెప్పాడు. ఒక పిడి మీద బొటనవేలు పెట్టాను. నా ముద్ర, గీతలతో సహా.

అన్నయ్య క్యాబిన్‌కి వెళ్ళి అరిచాను. ఆవిడ ఇచ్చిన గడువు మన పిడుల కోసం అన్నాను. గడువు ఆవిడ ఇవ్వడమేమిటి, ఆవిడ గోడౌన్ నిండింది కాబట్టి ఆవిడే అడుక్కుంది అన్నాడు. దానికి నా దగ్గర జవాబు ఉంది. చెప్పలేను. గొంతు దాకా వచ్చిన మాటని మింగితే ఎక్కిళ్ళు వస్తాయని ఈ రోజే తెలిసింది. నన్ను చూసి నవ్వి, మంచినీళ్ళు తాగు, ఇరవై రెండుకి అన్నీ అయిపోయినట్టే అన్నాడు.

దొంగచాటుగా అందించిన నిజం ఇంతే. అవతలివాళ్ళకి అర్థమవుతుంది, ఇవతలివాళ్ళకి మాత్రం బుద్ధి రాదు.

జూలై 1, మధ్యాహ్నం

ఎరుపు పెట్టాను.

జూలై 2, మంగళవారం

కాల్‌కి అరగంట ముందే పెదనాన్న అన్నయ్యని వెంటబెట్టుకుని వచ్చేశాడు. స్క్రీన్ మీద ఆ ఎర్ర చుక్క చూస్తూ నిలబడ్డాడు. ఎవరు పెట్టారని అడగలేదు. ఎందుకు పెట్టావని నన్నే అడిగాడు.

చెప్పలేదు. చూపించాను. టెస్ట్ కాల్ పెట్టి, కింద అక్షరాలు వచ్చేలా చేసి, ఏదైనా మాట్లాడు పెదనాన్నా అన్నాను. ఏం మాట్లాడాలే అన్నాడు. ఆ మాట ఇంగ్లీషులో కింద పడింది. నేను చదివి అర్థం చెప్పాను. ఆయన వంగి చూశాడు. ఇదేమిటే అన్నాడు. అదీ పడింది. అన్నయ్య కుర్చీలోంచి లేచి, ఎప్పటి నుంచి అన్నాడు. అదీ పడింది.

సీజన్ మొదటి నుంచీ అని చెప్పాను. రెండు వారాల కిందట తెలిసిందనీ, కావాలనే దాచాననీ చెప్పాను. పెదనాన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒక్కొక్క మంగళవారమే గుర్తుచేసుకుంటున్నాడని మొహం చూస్తే తెలుస్తోంది.

"భూతద్దం కూడానా?" అన్నాడు చివరికి, కొడుకు వైపు చూస్తూ.

అన్నయ్య గోడ మీద క్యాలెండర్ చదవడం మొదలుపెట్టాడు.

వాళ్ళు మనకి చెప్పకుండా ఎలా వింటారు అని పెదనాన్న కోపంగా అడిగాడు. చెప్పారు, నేనే చదవకుండా ఓకే నొక్కాను అన్నాను. ఆయన కోపం ఎక్కడో ఆగిపోయింది.

"అయితే నువ్వూ అలాగే అన్నావన్నమాట," అన్నాడు.

అన్నయ్య తేరుకుని, ఇందులో కంగారేముంది, ఇకమీద మ్యూట్ నొక్కి మాట్లాడుకుందాం అన్నాడు. అదే. నేను రెండు వారాలు నిద్ర మానుకున్నది ఆ ఒక్క మాట కోసమే. వాడికి అర నిమిషం పట్టింది. పెదనాన్న దాన్ని పట్టించుకోకుండా నా వైపు తిరిగాడు. వాళ్ళ మాటలు కూడా మనకి తెలుగులో వస్తాయా అని నన్ను అడిగాడు. వస్తాయన్నాను. ఈ రోజుకి కాల్ వద్దని రాయమన్నాడు. మోకాలి నొప్పి అని రాయనా అంటే, కారణం ఏమీ రాయకు అన్నాడు.

కారణం లేని మెయిల్ ఈ ఆఫీసు నుంచి వెళ్ళడం ఇదే మొదలు.

జూలై 5

పెదనాన్న ఆఫీసుకి రావడం లేదు. మోకాలట. పెద్దమ్మ ఫోన్‌లో పొడిపొడిగా మాట్లాడింది. నా మీద పడ్డ మచ్చ పోయింది, దాని చోట ఇంకోటి పడింది. తెలిసీ రెండు వారాలు చెప్పలేదు కదా. పెద్దాయన నోటి మాటలు పరాయివాళ్ళ ముందు ఆరేసింది అంటున్నారట. ఆ మాట పూర్తిగా తప్పని నేను కూడా అనలేను.

కాంట్రాక్టు వస్తే అన్నయ్య తెచ్చాడంటారు. పోతే నేను పోగొట్టానంటారు. రాసి పెట్టుకుంటే సరి.

జూలై 8

వెనక గోడవార పిడులన్నీ మెషిన్ ముందుకి వచ్చాయి. పొట్టివి బయట వరండాలో ఉన్నాయి. ఎవరు మార్పించారు అంటే మేస్త్రి పిడులు సర్దడంలో పడ్డాడు. అన్నయ్య పొద్దున్నుంచీ నాతో మాట్లాడడం లేదు కాబట్టి ఎవరో ఊహించగలను.

జూలై 9, మంగళవారం

కాంట్రాక్టు సంగతి తేలే రోజు. పెదనాన్న కర్ర పట్టుకుని వచ్చాడు. మధ్య కుర్చీలో కూర్చున్నాడు. పెట్టె వచ్చింది. చదివి వినిపించాను. ఓకే నొక్కు అన్నాడు. కింద తెలుగు పెట్టమన్నాడు. పెట్టాను. అక్షరాలు పెద్దవి చెయ్యమన్నాడు.

ఆవిడ కళ్ళజోడుతోనే వచ్చింది.

అన్నయ్య చెయ్యి మ్యూట్ మీదకి వెళ్ళింది. పెదనాన్న ఆ చేతిని తీసి వాడి ఒళ్ళోనే పెట్టాడు. నా వైపు తిరగలేదు. స్క్రీన్ వైపు తిరిగి, తెలుగులో అన్నాడు.

"అమ్మా, వార్నిష్ ఆరలేదు. మీరిచ్చిన గడువు కూడా మేమే పాడుచేసుకున్నాం. ఇరవై రెండుకి కాదు, నెలాఖరుకి ఇస్తాం. అంతకు ముందు ఇవ్వలేం."

లేం అన్న మాట ఆయన నోట వినడం నాకు ఇదే మొదటిసారి. చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ కళ్ళు అప్పటికే ఎడమ నుంచి కుడికి వెళ్ళిపోయాయి. నోరు మూసుకున్నాను.

ఆవిడ మాట్లాడింది. నాకు మొత్తం వినపడింది, మొత్తం అర్థమైంది. పెదనాన్న జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, పెదాలు కదుపుతూ కింది వరస చదువుకున్నాడు. అప్పుడు తన కాఫీలో సగం నా కప్పులో పోసి, నాకు ఆ భాష రాదన్నట్టు మెల్లిగా విడమరిచి చెప్పాడు.

"ఒక్క ఏడాదేనట అమ్మాయ్. మూడు కాదట."